ముందు వికారం తగ్గాలి, తర్వాతే వంట

కుక్కకు క్యాన్సర్ అని తేలిన మొదటి వారం ఇంట్లో అందరూ గడ్డ గురించే మాట్లాడుకుంటారు. కీమో మొదలయ్యాక గడ్డ మాట వెనక్కి పోయి గిన్నె మాట ముందుకొస్తుంది. పొద్దున తిన్నదా, ఎంత తిన్నది, ఎవరు పెడితే తిన్నది, తిన్నది కడుపులో ఆగిందా? ఆఫీసుకు పోయినవాళ్ళు మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగేదీ అదే. తిండి పెట్టడంలోనే ప్రేమ చూపే ఇళ్ళు మనవి. పెంచుకున్న ప్రాణి ముద్ద ముట్టకపోతే మనసు కలుక్కుమంటుంది. ఆ బాధలో మనం చేసే పనుల్లో కొన్ని దానికి మేలు చేస్తాయి, చాలావాటితో కీడే జరుగుతుంది. ఈ విషయంలో పశువైద్యం ఏం తేల్చింది, ఇంకా ఏం తేల్చలేదు, అందులో మన వంటింటికి పనికొచ్చేది ఎంత అన్నవి ఒకచోట చేర్చి చూడడానికే ఈ వ్యాసం.

హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ పరిశోధన ప్రయోగశాలలు 1960ల్లో నగరానికి వచ్చాయి. 1970లో బీడీఎల్, 1973లో మిధాని అనే రక్షణ రంగ సంస్థలు ఏర్పడ్డాయి. వాటి వెంట ఉద్యోగుల క్వార్టర్లు, క్వార్టర్లతో పాటు లాబ్రడార్లు, పామరేనియన్లు వచ్చాయి. గేటు బయట వీధికుక్కలు ఎప్పటినుంచో ఉన్నాయి. మనుషులకు జబ్బు చేస్తే అపోలో డీఆర్‌డీవో, ఒవైసీ ఆస్పత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. కుక్కకు కీమో ఎక్కించాలంటే చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో, లేదంటే ప్రైవేటు క్లినిక్‌కో పోవాలి. ఎండాకాలం ఆటోలో ఆ ప్రయాణానికే కుక్క సగం నీరసపడుతుంది. ఇంటికి రాగానే గిన్నె ముందుపెట్టకుండా, నీళ్ళు పెట్టి చల్లని నేల మీద కాసేపు పడుకోనివ్వడం మంచిది.

మన దగ్గర కుక్కల్లో కనిపించే క్యాన్సర్లు అన్నీ ఒకటి కావు, కాబట్టి తిండి సమస్యా ఒకేలా ఉండదు. వీధికుక్కల్లో తరచుగా కనిపించేది జననాంగాల దగ్గర, ఒక్కోసారి ముక్కులో, ఎర్రగా పెరిగి నెత్తురు కారే గడ్డ. అది జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. అంటుకునేది ఏ క్రిమో కాదు, క్యాన్సర్ కణాలే. కొన్ని వేల ఏళ్ళ కిందట ఒకే ఒక్క కుక్కలో పుట్టిన కణాల సంతతి ఇప్పటికీ ప్రపంచమంతటా కుక్కల మీద బతుకుతోందని జన్యు పరిశోధనలు తేల్చాయి. దీనికి విన్‌క్రిస్టిన్ సూది వారానికి ఒకటి చొప్పున ఇస్తే, ఎక్కువ కుక్కల్లో నాలుగు నుంచి ఆరు వారాల్లో గడ్డ కరిగిపోతుంది. ఆ కొద్ది వారాలూ తిండి నిలబెట్టగలిగితే వీధికుక్క కూడా పూర్తిగా కోలుకుంటుంది. ఇంత మంచి ఫలితమున్న కీమో మనుషుల్లోనూ అరుదే.

ఆడకుక్కలకు వచ్చే రొమ్ము గడ్డలకు ప్రధానమైన చికిత్స ఆపరేషన్. మొదటి ఎదకు ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ గడ్డల ముప్పు చేయించని కుక్కలతో పోలిస్తే 0.5 శాతానికి పడిపోతుందని, మొదటి ఎద తర్వాత చేయిస్తే 8 శాతమని, రెండో ఎద తర్వాత 26 శాతమని 1969లో వచ్చిన అధ్యయనం చెప్పింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్, అంటే లింఫోమా, తిండి విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పరీక్ష పెడుతుంది. చికిత్స లేకపోతే నెలా రెండు నెలలు. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ కలిపి నెలల తరబడి ఇస్తే చాలా కుక్కలకు దాదాపు ఏడాది ఆయుష్షు దొరుకుతుంది. ఆ ఏడాది ఎలా గడుస్తుందన్నది చాలావరకు తిండి మీదే ఆధారపడుతుంది.

కుక్కలకు వాడే కీమో మందుల్లో రెండింటితో మనకు దగ్గరి సంబంధం ఉంది. విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో గోడ వార పూచే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. 1963 నుంచి మనుషుల వైద్యంలో వాడుకలో ఉంది. రెండోది మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారు చేయించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లలకు ఉపశమనం కలిగించిన సంగతిని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు కన్నుమూసింది అదే ఏడాది. ఆ మందుల్లోనే ఇంకొకటైన మెథోట్రెక్సేట్‌ను లింఫోమా ఉన్న కొన్ని కుక్కలకూ వాడతారు. బిళ్ళగన్నేరు పేరు వినగానే ఆకు నూరి పోసేవాళ్ళు ఉంటారని భయంతో చెబుతున్నాను: ఆ మొక్క విషం. సూదిలోకి ఎక్కే మందు మోతాదు మిల్లీగ్రాముల లెక్క, ఆకులో ఎంత ఉందో ఎవరూ కొలిచి ఇవ్వలేరు.

కుక్క ఎందుకు తినడం లేదన్న ప్రశ్న దగ్గరే మనం తడబడతాం. మారాం చేస్తోందనో, చికెన్ రుచి మరిగి అన్నం వద్దంటోందనో అనుకుంటాం. కీమోలో ఉన్న కుక్క తినకపోవడానికి ఒక్కో మందుకు ఒక్కో కారణం ఉంటుంది. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. కడుపు ఉబ్బరంగా ఉంటుంది, మలం రాదు, తిన్నది ముందుకు పోదు. అలాంటప్పుడు ఎంత మంచి కూర పెట్టినా లోపల చోటుండదు. డాక్సోరూబిసిన్ ఇచ్చిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల వాంతులు, నెత్తురు జిగటతో విరేచనాలు రావచ్చు. చర్మం మీద వచ్చే మాస్ట్ సెల్ గడ్డలయితే హిస్టమిన్‌ను విడుదల చేసి కడుపులో ఆమ్లాన్ని పెంచుతాయి, పుండు పడుతుంది. మూత్రాశయ క్యాన్సర్‌కు ఇచ్చే పైరాక్సికామ్ లాంటి మాత్రలూ కడుపులో పుండు చేయగలవు. మలం తారులా నల్లగా వస్తే ఆ మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌ను అడగాలి. ప్రెడ్నిసొలోన్ దారి వేరు. దానివల్ల ఆకలి, దాహం విపరీతంగా పెరుగుతాయి. మోతాదు తగ్గిస్తూ వచ్చిన వారం ఆకలి కూడా తగ్గుతుంది. అది చూసి జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. ఆ మాత్రను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, కాబట్టి తగ్గించే లెక్క డాక్టర్‌దే.

వికారం ఉన్న కుక్క తనకు వికారంగా ఉందని చెప్పలేదు గానీ చూపిస్తుంది. పెదాలు పదే పదే నాకుతుంది, చొంగ కారుస్తుంది, ఉట్టిగా గుటకలు వేస్తుంది, గడ్డి నములుతుంది. అన్నిటికన్నా గట్టి గుర్తు ఇంకొకటుంది. ఆశగా గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, తల తిప్పుకుని వెళ్ళిపోతుంది. ఆకలి లేని కుక్క అసలు గిన్నె దగ్గరికే రాదు. వచ్చి వెనక్కి పోయిన కుక్కకు ఆకలి ఉంది, కడుపు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ తేడా పట్టుకున్నవాళ్ళకు సగం దారి తెలిసినట్టే.

ఇక్కడ మందులదే మొదటి మాట. మెదడులోని వాంతుల కేంద్రం దగ్గర సబ్‌స్టెన్స్ పీ అనే రసాయనాన్ని అడ్డుకునే మారోపిటెంట్‌కు 2007లో అమెరికాలో కుక్కల కోసం అనుమతి వచ్చింది. మనుషుల మందుల దుకాణంలో దొరికే ఓండాన్‌సెట్రాన్ సెరటోనిన్ దారిని మూస్తుంది. పేగులు కదలకపోతే మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. ఆకలి పుట్టించడానికి మిర్టజపైన్ వాడతారు. అది మొదట మనుషుల దిగులుకు వచ్చిన మందు. ఆకలి హార్మోన్ గ్రెలిన్ పని చేసే చోటే పనిచేసే క్యాప్రోమోరెలిన్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. వీటిలో ఏది, ఎంత అన్నది డాక్టర్ గారే రాయాలి. క్రమం మాత్రం మనం గుర్తుంచుకోవాలి. వికారం తగ్గకుండా ఆకలి మాత్ర ఇస్తే లోపల ఆకలి, పైన అసహ్యం రెండూ కలిసి ఆ జీవి ఇంకా నలుగుతుంది. వాంతి అయ్యాక మాత్ర వేద్దామని ఆగడం కూడా మంచిది కాదు. గత విడతలో వాంతులయ్యాయని డాక్టర్‌కు చెబితే, ఈసారి సూది రోజునుంచే మాత్రలు మొదలుపెట్టిస్తారు.

అసలు ఈ మొత్తం విషయంలో మన ఇళ్ళకు అందకుండా పోయిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1955లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా, ఆయన సహచరులు ఎలుకలకు తియ్యటి నీళ్ళు తాగించి, అదే సమయంలో వికిరణానికి గురిచేశారు. ఆ తర్వాత ఎలుకలు ఆ తీపిని దూరం పెట్టాయి. ఒంట్లో బాగాలేనప్పుడు నోట్లో ఉన్న రుచిమీద శరీరం నేరం మోపుతుందన్నమాట. 1978లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఐలీన్ బెర్న్‌స్టీన్ దీన్ని క్యాన్సర్ పిల్లల్లో చూపించింది. కీమోకు ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లల్లో చాలామంది తర్వాత దాన్ని వద్దన్నారు. ఐస్‌క్రీమ్‌లో తప్పేమీ లేదని వాళ్ళకు చెప్పినా లాభం ఉండదు, అది తెలివితో తీసుకున్న నిర్ణయం కాదు.

కుక్కకూ ఇదే వర్తిస్తుంది. మనమేమో కీమో రోజునే దానికి ఇష్టమైనవన్నీ చేస్తాం. పాపం, సూది పడింది కదా అని కోడి కాలేయం వేయిస్తాం. సాయంత్రానికి వికారం మొదలవుతుంది. మరుసటి వారం నుంచి కాలేయం వాసన తగిలితే గదిలోంచి లేచిపోతుంది. అది చూసి ఇంకో ఇష్టమైన వంట తెస్తాం, దాన్నీ పోగొట్టుకుంటాం. పది రోజుల్లో దానికి నచ్చేది ఏదీ మిగలదు. అందుకే సూది రోజు, మరుసటి రోజు మామూలు తిండి కొద్దిగా పెట్టి ఊరుకోవాలి. ఇష్టమైనవి దాచుకోవాలి. వికారం తగ్గిందని నమ్మకం కలిగాకే, డాక్సోరూబిసిన్ అయితే అయిదో రోజు దాటాకే, బయటికి తీయాలి.

మందు బిళ్ళల సంగతీ ఇంతే. కీమో తర్వాత విరేచనాలకు తరచూ రాసే మెట్రోనిడజోల్ భరించలేనంత చేదు. దాన్ని పొడి చేసి పెరుగన్నంలో కలిపితే ఆ కుక్కకు పెరుగన్నం అక్కడితో ఆఖరు. బిళ్ళను చిన్న తిండి ముక్కలో పెట్టి విడిగా ఇవ్వాలి, గిన్నెలో కలపకూడదు. కీమో మాత్రలను పొడి చేయడం, విరగ్గొట్టడం అసలు చేయకూడదు, ఆ పొడి మన చేతులకూ ప్రమాదమే.

ఇక బతిమాలడం. నాయనమ్మ ఒక ముద్ద, పిల్లలు ఒక ముద్ద, పక్కింటి ఆంటీ ఒక ముద్ద. గిన్నె ముక్కు ముందు నుంచి కదలదు. వికారంతో ఉన్నవాడి మంచం చుట్టూ బిరియానీ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది ఆ కుక్కకు. పది పదిహేను నిమిషాలు పెట్టి, ముట్టకపోతే మాట్లాడకుండా తీసేయాలి. రెండు మూడు గంటల తర్వాత మళ్ళీ, వేరే చోట, వీలైతే వేరే గిన్నెలో పెట్టాలి. ఒకరే పెట్టాలి, మిగతావాళ్ళు గదిలో ఉండకపోవడమే సాయం. చేత్తో తినిపించడం తప్పేమీ కాదు, కొన్ని కుక్కలు అలాగే మొదలుపెడతాయి. నోరు తెరిచి కుక్కడం మాత్రం వద్దు. సిరంజితో గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తిండితో పాటు మన చేతిని కూడా ద్వేషించడం నేర్చుకుంటుంది. ప్రేమతోనే చేసినా అది బలవంతమేనని నా గట్టి అభిప్రాయం.

వికారం అదుపులోకి వచ్చాకే వంట మాట. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700, మనకు దాదాపు 9,000. దాని భోజనం ముక్కుతోనే మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని అన్నానికి వాసన ఉండదు. ఒంటి వేడికి, అంటే మన మణికట్టుకు గోరువెచ్చగా తగిలేంతవరకు వేడిచేస్తే వాసన లేస్తుంది. అయితే వికారం ఇంకా కొద్దిగా ఉన్న కుక్కకు ఆ వాసనే పడదు, దానికి చల్లారిన తిండే నయం. రెండు రకాలూ పెట్టి చూడాలి.

కంచన్‌బాగ్‌లో మాంసం దొరకడం కష్టం కాదు. ఎముకల్లేని చికెన్, మటన్ కైమా, గుడ్డు, కొద్దిగా కాలేయం నీళ్ళలో ఉడికించి మెత్తటి అన్నంలో కలిపితే చాలు. చిటికెడు పసుపుతో నష్టమేమీ లేదు. కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన పాయా నీళ్ళు వాసనకు బాగా పనికొస్తాయి, పైన తేలిన కొవ్వు తీసేయాలి. హోటల్ పాయా, నిహారీ, రంజాన్ రోజుల్లో పొరుగింటి నుంచి వచ్చే హలీమ్ ఎంత ఆశగా చూసినా పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, కీమోతో ఇప్పటికే రక్తం తగ్గిన కుక్కకు అది రెట్టింపు దెబ్బ. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి. నల్లి బొక్క కడుపు పాడుచేస్తుంది. పచ్చి మాంసం కీమో నెలల్లో పూర్తిగా మానాలి. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది.

ఎంత పెట్టాలన్న దానికి ఒక లెక్క ఉంది. బరువును కిలోల్లో 30తో హెచ్చించి 70 కలిపితే, కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావలసిన కేలరీలు వస్తాయి. 20 కిలోల కుక్కకు 670. ఉడికించిన చికెన్ 200 గ్రాములు, అన్నం 200 గ్రాములు, ఒక గుడ్డు కలిపితే సుమారు అంత అవుతుంది. ఇందులో మాంసకృత్తులు 70 గ్రాముల దాకా ఉంటాయి. అదే గిన్నెడు పెరుగన్నంలో పది గ్రాములు కూడా ఉండవు. పెరుగన్నం తింటోందని నిశ్చింతగా ఉండే ఇళ్ళకు ఈ అంకెలు చెప్పాలి. రెండు పూటలు తినలేని రోజుల్లో అదే మొత్తాన్ని అయిదారు చిన్న భాగాలు చేయాలి. ఎండాకాలం తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెట్టాలి, పగటి వేడికి మిగిలింది పారేయాలి. వారానికి ఒకసారి తూచడం తప్పనిసరి. ఇంట్లో త్రాసు మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మనం ఒక్కరమే నిలబడి తీసివేస్తే సరిపోతుంది. ఇలాంటి వంట కొద్ది వారాలకు చాలు. నెలలు దాటితే కాల్షియం, ఖనిజాలు చాలవు. అప్పుడు కంపెనీ మేత కలపడమో, డాక్టర్‌తో పూర్తి లెక్క వేయించుకోవడమో చేయాలి.

తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. గడ్డ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లో గమనించాడు. అన్నం మానేస్తే గడ్డ మాడిపోతుందన్న నమ్మకానికి మూలం అదే. కుక్కల్లో అలా జరుగుతుందని నిరూపణ లేదు. తినే ఒక్క అన్నమూ తీసేస్తే మాడేది కుక్కే. చేపనూనె మీద మాత్రం కొంత ఆధారం ఉంది. లింఫోమా ఉన్న 32 కుక్కల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో చేపనూనె, ఆర్జినైన్ కలిపిన మేత కొన్ని కుక్కలకు మేలు చేసినట్టు కనిపించింది. చిన్న అధ్యయనం, ఒకే మందుతో కలిపి చేసింది. విరేచనాలు లేనప్పుడు డాక్టర్‌ను అడిగి వేయవచ్చు. పసుపు గుళికలు, గోమూత్రం, ఊరూపేరూ లేని పొడులు కీమో మధ్యలో వద్దు. కాలేయం ఏకకాలంలో ఎన్ని పనులు చేయగలదు?

ఇంటి ప్రయత్నానికి హద్దులుండాలి. 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మూడు రోజులు చాలినంత తినకపోతే ముక్కు ద్వారానో, మెడ దగ్గరనుంచి అన్నవాహికలోకో గొట్టం వేయించే మాట ఎత్తాలి. గొట్టం అనగానే ఆఖరి ఘట్టమనుకుని బెదిరిపోతాం. సిరంజితో నోట్లో కుక్కడం కన్నా అది ఎన్నో రెట్లు దయగలది. తిండి, మందులు, నీళ్ళు అన్నీ గొట్టంలో పోతే నోరు స్వేచ్ఛగా ఉంటుంది, ఇష్టం పుట్టినప్పుడు తనంతట తానే తింటుంది. సూది వేసిన అయిదు నుంచి పదో రోజు లోపల తిండి మానేసి మందకొడిగా పడుకుంటే ఉష్ణోగ్రత చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. 103 దాటితే అది వంటతో తీరేది కాదు, రాత్రయినా ఆస్పత్రికి పోవాలి. జ్వరానికి పారాసిటమాల్, నొప్పికి ఐబుప్రొఫెన్ మన డబ్బాలోంచి తీసి వేయకూడదు.

అన్నీ చేసినా తినని రోజులు రావచ్చు. అమెరికన్ పశువైద్యురాలు ఆలిస్ విలాలోబోస్ 2004లో జబ్బు జంతువు బతుకు ఎలా ఉందో చూసే ఏడు అంశాల కొలమానం ఇచ్చింది: నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది. ఒక్కోదానికి పది మార్కులు, మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చు. ఆకలి అందులో ఒకటి మాత్రమే, మిగతా ఆరూ చూడాలి. గొట్టంతో తింటున్నా గేటు చప్పుడుకు తోక ఊపే కుక్క ఉంటుంది. ముద్ద మింగుతున్నా గోడవైపు తిరిగి పడుకునే కుక్కా ఉంటుంది. చికిత్స ఆపాలా వద్దా అన్నది గిన్నె ఒక్కదాన్ని చూసి తేల్చడం న్యాయం కాదు.

పశువైద్యులకు, పశుసంవర్ధక శాఖకు ఒక మనవి. కీమో ఎక్కించి పంపే ప్రతి కుక్క వెంట వాంతుల మాత్రలు కూడా వెళ్ళాలి. వాటితో పాటు ఒక కాగితం ఇవ్వండి. ఏ రోజు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎంత జ్వరానికి తిరిగి రావాలి, రాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఇంకోవైపు అచ్చువేయండి. కంచన్‌బాగ్ నుంచి వచ్చే ఇళ్ళకు ఆ రెండు భాషలూ కావాలి.